మేడం గారు ఇవాళ ఏ చీరలో వచ్చారు?

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో ఒకటి నన్ను బాగా ఆలోచనలో పడేసింది. గుంటూరు జిల్లా నుంచి ఒక సోదరి రాశారు. వాళ్లమ్మాయికి యూనివర్సిటీలో అకడమిక్ కన్సల్టెంట్‌గా ఉద్యోగం వచ్చిందట. ఎమ్మెస్సీ పిల్లలకు పాఠం చెప్పాలి. "అమ్మాయికి ఇరవయ్యారేళ్లు. సన్నగా, పొట్టిగా ఉంటుంది. మొదటి రోజు చుడీదార్‌లో వెళితే వరండాలో ఎవరో అబ్బాయి 'ఫస్టియరా, సెకండియరా?' అని అడిగాడట. మా వియ్యపురాలు గారేమో చీర కట్టుకుంటేనే మర్యాద అంటారు. ఇదేమో 'రెండు బస్సులు మారాలమ్మా, చీరతో నా వల్ల కాదు' అంటుంది. మధ్యలో నేను నలిగిపోతున్నాను. లెక్చరర్లు ఎలాంటి బట్టలు వేసుకుంటే పిల్లలు గౌరవిస్తారో చెప్పండి అక్కయ్యా" అని ఆవిడ బాధ.

చదవగానే మొదట నవ్వొచ్చిన మాట నిజమే. ఆ తర్వాత మాత్రం ఆ అమ్మాయే కళ్ల ముందు మెదిలింది. ఎన్నేళ్లు చదివిందో, ఎన్ని పరీక్షలు రాసిందో, ఆ రోజు పాఠం కోసం రాత్రి ఎంతసేపు మేలుకుందో ఆ అబ్బాయికి ఏం తెలుస్తుంది? వాడికి కనబడింది ఒక చుడీదార్, భుజాన ఒక సంచి. అంతే.

మనం మాత్రం తక్కువ తిన్నామా? కాలేజీ మెట్లెక్కిన ప్రతి ఆడపిల్లకీ ఒక మేడం గుర్తుంటారు. ఆవిడ చెప్పిన పాఠం గుర్తుండొచ్చు, ఉండకపోవచ్చు. ఆవిడ కట్టిన చిలకపచ్చ వెంకటగిరి చీర, దాని సన్నంచు మాత్రం ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంటాయి. ఒక్కో క్లాసులో ఒక్కో ముద్దుపేరు. సోమవారం చీర, బుధవారం చీర అని లెక్కలు కట్టే పిల్లలుంటారు. "ఈ చీర పోయిన నెల పదో తారీఖున కట్టారే" అనే ఘనులూ ఉంటారు! అదే మాస్టారు ఒకటే బూడిదరంగు ప్యాంటు ఏడాది పొడుగునా వేసుకొచ్చినా చూసే నాథుడు లేడు.

అసలు ఆలోచించండి, ఇంకే ఉద్యోగంలో ఉంది ఈ అవస్థ? బ్యాంకులో అమ్మాయి కౌంటరు వెనక కూర్చుంటుంది, మెడ దాకానే కనబడుతుంది. ఆఫీసులో ఎవరి ఫైలు వారిది. లెక్చరరు మాత్రం ఎత్తుగా వేదిక మీద నిలబడాలి. అరవై జతల కళ్లు గంటసేపు ఆ ఒక్క మనిషినే చూస్తుంటాయి. పిల్లలు కింద కూర్చుంటారు కాబట్టి వాళ్ల చూపు ముందు చీర అంచు మీద, చెప్పుల మీద పడుతుంది. ఆవిడ బోర్డు వైపు తిరిగితే జాకెట్టు వెనక భాగం కనబడుతుంది. రాయడానికి కుడి చెయ్యి పైకెత్తిందా, చంకలో చెమట మరక! ఏప్రిల్ నెలలో, ఏసీ లేని క్లాసులో, కరెంటు పోయిన వేళ. పాఠం చెబుతూనే కొంగు సర్దుకోవాలి, కుచ్చిళ్లు చూసుకోవాలి. ఇదంతా చేస్తూ సమీకరణం తప్పకుండా రాయాలి.

పిల్లల మనసులో టీచరంటే ఏ రూపం ఉందో చూడాలంటే సెప్టెంబరు 5న మన ఇళ్లలోనే చూడొచ్చు. స్కూళ్లలో సెల్ఫ్ గవర్నమెంట్ డే అని పెద్ద తరగతుల పిల్లలు టీచర్లయి చిన్నవాళ్లకు పాఠాలు చెబుతారు కదా. ఆ పొద్దున మన బీరువాల మీద దాడి జరుగుతుంది. "అమ్మా, గంజి పెట్టిన కాటన్ చీర కావాలి, పట్టుది వద్దు" అంటుంది పదో తరగతి అమ్మాయి. దానికి తోడు మన కళ్లజోడు, చేతిసంచి, ముడి. కుచ్చిళ్లు పెట్టి పిన్నులు గుచ్చి పంపేసరికి మనకు టిఫిను వేళ దాటిపోతుంది. అబ్బాయిలకు అంత తంటా లేదు. నాన్న చొక్కా టక్ చేసుకుంటే మాస్టారైపోయాడు! పదిహేనేళ్లకే పిల్లల తలలో ఈ బొమ్మ గట్టిపడిపోతుంది. యూనివర్సిటీకి వెళ్లేది కూడా ఆ బొమ్మతోనే.

ఈ సంగతి మీద పెద్ద పెద్ద చోట్ల పరిశోధనలే జరిగాయి. మన ఢిల్లీలో లేడీ శ్రీరామ్ కాలేజీలో చదువుకుని అమెరికా వెళ్లిన నళినీ అంబాడీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, తన గురువు రాబర్ట్ రోజెంతాల్‌తో కలిసి 1993లో ఒక పని చేశారు. పాఠం చెబుతున్న టీచర్ల వీడియోలు తీసుకుని, మాట వినబడకుండా చేసి, ఒక్కొక్కరివి పదేసి సెకన్ల ముక్కలు మూడు, వాళ్లను ఎన్నడూ చూడని ఆడపిల్లలకు చూపించారు. ఈ టీచరు ఎలాంటివారో చెప్పమన్నారు. ఆ అరనిమిషంలో వీళ్లు వేసిన మార్కులు, ఆ టీచర్ల దగ్గర నెలల తరబడి చదివిన సొంత విద్యార్థులు చివర్లో వేసిన మార్కులకు చాలావరకు సరిపోయాయి. అందచందాల లెక్క తీసేసి చూసినా అలాగే వచ్చిందట. నిలబడే తీరు, ముఖంలో కళ, చేతుల కదలిక, ఇవే ఆ అరనిమిషంలో పని చేశాయన్నమాట. పెళ్లిచూపుల్లో మన పెద్దమ్మలు గుమ్మంలోనే తేల్చేసేవారు కదూ, అలాంటిదే.

బట్టల సంగతే విడిగా చూసినవాళ్లూ ఉన్నారు. 1996లో అమెరికాలోనే కొందరు పరిశోధకులు యూనివర్సిటీలో పాఠం చెప్పే కుర్ర టీచర్లకు మూడు రకాల దుస్తులు వేయించి క్లాసులకు పంపారు. ఒకటి పూర్తి ఆఫీసు దుస్తులు, రెండోది కాస్త సాదా రకం, మూడోది వెలిసిన జీన్సు, టీషర్టు. ఆఫీసు దుస్తుల్లో వెళితే "ఈ టీచరు సమర్థులు" అన్న మాట ఎక్కువ వచ్చింది. జీన్సులో వెళితే "కలుపుగోలు మనిషి, పాఠం సరదాగా ఉంది" అన్నారు. రెండూ మంచివే కదా అంటారేమో, ఆగండి. సమర్థత అన్నచోట బట్టలను మరీ లెక్కలోకి తీసుకున్నది ఎవరో తెలుసా? ఆడ టీచర్లకు మార్కులు వేసిన ఆడపిల్లలు! చీర కొంగు మడత దగ్గర్నుంచి చూసేది మనమే అని ఎవరో చెప్పాలా?

ఇక్కడే ఒక మెలిక ఉంది. కాలేజీ చదువున్న ప్రతివారికీ గుర్తుండే ఇంకొక మనిషి, నలిగిన బుష్‌షర్టులో, అరిగిన చెప్పుల్లో, జేబుకు సిరామరకతో వచ్చే పెద్ద ప్రొఫెసరు గారు. ఆయన్ను చూసి పిల్లలు "మేధావి అండీ, బట్టల మీద ధ్యాసెక్కడ ఉంటుంది" అంటారు. అదే అవతారంలో నిన్న చేరిన కుర్రవాడు వస్తే "వీడికి శ్రద్ధ లేదు" అంటారు. ఆడమనిషైతే ఇంకా చెప్పాలా, "ఇంట్లో ఏదో గొడవ కాబోలు" దాకా వెళ్తుంది కథ. 2014లో హార్వర్డ్ వాళ్లు చేసిన పరిశోధనలో కూడా సరిగ్గా ఇదే తేలింది. గడ్డం పెంచి టీషర్టు వేసుకున్న ప్రొఫెసర్నే, టై కట్టి నున్నగా గడ్డం గీసుకున్న ప్రొఫెసరు కంటే గొప్పవాడని విద్యార్థులు అనుకున్నారు. కాకపోతే ఆయన పనిచేసేది పేరున్న యూనివర్సిటీ అని చెప్పినప్పుడే. అదే పరిశోధనలో ఇటలీలో మిలాన్ నగరంలోని ఖరీదైన దుకాణాల వాళ్లను అడిగితే, బొచ్చుకోటు తొడుక్కుని వచ్చినావిడ కంటే వ్యాయామం దుస్తుల్లో వచ్చినావిడే బాగా కొంటుందని చెప్పారట! మన పట్టుచీరల షాపుల్లో మాత్రం ఇది ఎవరూ ప్రయత్నించకండి. నూలు చీరలో వెళితే ఇప్పటికీ మంచినీళ్లు అడిగేవాళ్లుండరు.

అంటే పేరు, పీఠం ముందే ఉన్నవాళ్లకు బట్టలు ఏవైనా చెల్లుతాయి. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారినే తీసుకోండి. 1931 నుంచి 1936 దాకా మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఉపాధ్యక్షులుగా పనిచేశారు. 1936లో ఆక్స్‌ఫర్డ్‌లో ప్రొఫెసరు అయ్యాక కూడా తలపాగా, పొడుగు కోటు మానలేదు. దొరల మధ్య ఆ తలపాగాయే ఆయన గుర్తు. అంతకు ముందు 1921లో ఆయన మైసూరు వదిలి కలకత్తా వెళ్తుంటే విద్యార్థులు పూలతో అలంకరించిన బండిని తామే లాక్కుంటూ రైలుస్టేషను దాకా తీసుకెళ్లారు. ఆ గౌరవం తలపాగాకు జరిగిందని ఎవరూ అనరు. అయితే ఆయన మొదటి రోజు క్లాసుకు వెళ్లేటప్పుడు "ఏ సెక్షను నాయనా నువ్వు?" అని అడిగినవాళ్లున్నారో లేదో మనకెవరూ రాసిపెట్టలేదు.

తెలుగు పంచె కట్టు మాస్టార్లకు ఆ భోగమూ దక్కలేదు. ఇంగ్లీషు లెక్చరరు కోటు వేసుకుంటే హుందా, తెలుగు లెక్చరరు పంచె కడితే హాస్యం. మన సినిమాలు దశాబ్దాల పాటు అదే చూపించి నవ్వించాయి. ఆయన నోరు విప్పి పద్యం ఎత్తుకున్నాక క్లాసు సద్దుమణిగేది, అది వేరే సంగతి. కానీ ఆ రెండు నిమిషాల ఎకసెక్కెం ఆయన రోజూ భరించాల్సి వచ్చేది.

సినిమా ప్రస్తావన వచ్చింది కాబట్టి లేడీ లెక్చరర్ల సంగతి కూడా చెప్పుకోవాలి. 2004లో హిందీలో 'మై హూ నా' వచ్చింది. సుస్మితా సేన్ కెమిస్ట్రీ టీచరు. షిఫాన్ చీర గాలికి ఎగురుతూ ఉంటుంది, పాఠం ఎప్పుడు చెబుతుందో దేవుడికే తెలియాలి. 2007లో మన 'హ్యాపీ డేస్'లో కమలినీ ముఖర్జీ మేడం. 2015లో మలయాళం 'ప్రేమమ్'లో సాయిపల్లవి మలర్ టీచరు, మరుసటేడు తెలుగులో ఆ పాత్రే శృతిహాసన్. సినిమాలుగా చూస్తే సరదాగానే ఉన్నాయి, నేనూ చూశాను. కానీ ఆ సినిమా చూసిన అబ్బాయి మర్నాడు క్లాసులో కూర్చుంటాడు. అక్కడ నిలబడ్డ అమ్మాయి ఏ రంగు చీర కట్టినా వాడికి పాటే గుర్తొస్తే ఆ పిల్ల ఏం చెయ్యాలి? చుడీదార్ వేస్తే స్టూడెంటులా ఉందంటారు. మంచి చీర కడితే సినిమా మేడం అంటారు. పాత చీర కడితే పల్లెటూరి పంతులమ్మ అంటారు. వీటి మధ్య దారి వెతుక్కోవడం ఆమెకు రోజూ పొద్దున్నే ఒక పని. ఆ పనికి జీతం లేదు.

ఈ గొడవలో ప్రభుత్వాలు కూడా వేలు పెట్టాయి. కేరళలో కొన్ని కాలేజీలు ఆడ టీచర్లకు చీర తప్పదని పట్టుబడితే, చీరే కట్టాలన్న నిబంధన లేదని 2014లో ఒకసారి ఉత్తర్వు వచ్చింది. అయినా యాజమాన్యాల తీరు మారలేదని ఫిర్యాదులు వస్తే 2021 నవంబరులో ఉన్నత విద్యాశాఖ మళ్లీ చెప్పాల్సి వచ్చింది, టీచర్లు తమకు అనువైన దుస్తులు వేసుకోవచ్చని. అప్పటి మంత్రి ఆర్. బిందు గారు తానూ కాలేజీలో పాఠాలు చెప్పినావిడే. తాను చుడీదార్‌లో వెళ్లేదాన్నని ఆవిడే చెప్పారు. మహారాష్ట్ర మరో దారి పట్టింది. 2024 మార్చిలో బడి టీచర్లకు జీన్సు, టీషర్టులు వద్దని, ఆడవాళ్లు చీర గానీ, దుపట్టాతో చుడీదార్ గానీ వేసుకోవాలని, మగవాళ్లు చొక్కా ప్యాంటులోకి దోపుకోవాలని సూచనలిచ్చింది. హుందాగా ఉండమనడంలో నాకు తప్పేమీ కనబడదు. మగవాళ్లకైనా అడవాళ్లకైనా ఉండాల్సిందే. చీర ఒక్కటే హుందా అనడం దగ్గరే నాకు పేచీ.

మా ఇంటికొచ్చే ఒకావిడ అంటుంది, "చీర కడితే పిల్లలు ఆటోమేటిగ్గా గౌరవిస్తారండీ" అని. ఆవిడ కోసం ఇంకొక సంగతి. అమెరికాలో నార్త్ కరోలినాలో చేసిన ప్రయోగం ఇది. కంప్యూటరు మీద జరిగే క్లాసు. టీచరు ముఖం విద్యార్థులకు కనబడదు. ఒకే టీచరు ఒక గుంపుకు మగ పేరుతో, మరో గుంపుకు ఆడ పేరుతో పరిచయమయ్యారు. మగ పేరున్నప్పుడు మార్కులు ఎక్కువ పడ్డాయి, ఆడ పేరుంటే తగ్గాయి. చీరా లేదు, చుడీదారూ లేదు, గంజీ లేదు. పేరొక్కటే! మరి దీనికి ఏ చీర కట్టుకోమంటారు?

ఈ మార్కుల సంగతి ఊరికే ఎత్తలేదు. ఇప్పుడు మన కాలేజీల్లో కూడా టీచర్ల మీద పిల్లల చేత అభిప్రాయాలు రాయించడం మామూలైపోయింది. కాలేజీల నాణ్యతను మదింపు చేసే న్యాక్ వాళ్లు కూడా విద్యార్థుల అభిప్రాయాలు సేకరిస్తారు. పర్మనెంటు ప్రొఫెసరు గారికి ఆ కాగితంతో పెద్ద పని లేదు. ఏడాదికోసారి రెన్యువల్ కోసం ఎదురుచూసే కాంట్రాక్టు వాళ్లకు, గంటల లెక్కన డబ్బులు తీసుకునే గెస్టు లెక్చరర్లకు మాత్రం ప్రతి మాటా భయమే. బట్టలకు ఖర్చు పెట్టుకోలేనిదీ వాళ్లే, బట్టల వల్ల మాట పడేదీ వాళ్లే.

అందుకని ఉత్తరం రాసిన సోదరికి నేను చెప్పేది ఇది. మీ వియ్యపురాలు గారి మాటలో కొంత నిజం ఉంది, కాదనకండి. చిన్న వయసు, చిన్న మనిషి, పరీక్షలో తనకంటే రెండేళ్లు చిన్నవాళ్లకు పాఠం. మొదటి నెల కాస్త నిండుగా, పద్ధతిగా ఉండే దుస్తులు ఆ పిల్లకు సాయం చేస్తాయి. కానీ అది చీరే కానక్కర్లేదు. మంగళగిరి నూలు గుడ్డ తీసుకుని మోకాలు దాటే పొడుగు, మోచేతి దాకా చేతులు, కాలరు మెడతో నాలుగు కుట్టించండి. దుపట్టా ఒక భుజాన మడతపెట్టి పిన్ను గుచ్చుకుంటే బోర్డు మీద రాసేటప్పుడు జారదు. యూనివర్సిటీ వాళ్లిచ్చిన గుర్తింపు కార్డు మెడలో వేసుకోమనండి. ఆ వరండా అబ్బాయికి అదే జవాబు. సెమినార్లకు, వైవాలకు చీర కట్టుకోనివ్వండి, అది కూడా తనకు నచ్చితే. రెండు బస్సులు మారి, నిలబడి, చెమటలు కక్కుతూ వెళ్లిన పిల్లకు ముఖంలో కళ ఎక్కడినుంచి వస్తుంది? ఇందాక చెప్పిన ఆ అరనిమిషంలో పిల్లలు చూసేది దాన్నే కదా. వేసుకున్న బట్ట సంగతి తను మర్చిపోయి పాఠం చెప్పగలగాలి. అత్తగారు అడిగితే ఈ పత్రిక చూపించండి, తిట్లేమైనా ఉంటే నా ఖాతాలో వెయ్యమనండి.

కెమిస్ట్రీ ల్యాబులో పని ఉంటే మాత్రం నైలాన్, పాలియెస్టరు చీరలు గానీ దుపట్టాలు గానీ వద్దే వద్దు. మంట తగిలితే కరిగి ఒంటికి అంటుకుంటాయి. నూలు బట్టే వేసుకుని, కొంగు దోపుకుని, పైన ల్యాబు కోటు గుండీలు పెట్టుకోవాలి. దీంట్లో అందం, ఫ్యాషను అనే మాటలకు చోటు లేదు.

ఇక ఇంట్లో లెక్చరరు ఉన్న ప్రతివారూ అడిగే మరకల సంగతి. సుద్దముక్క పొడి పడ్డ చీరను తడిచేత్తో తుడవకండి, గుడ్డలోకి ఇంకుతుంది. ముందు బాగా దులిపి, పొడి బ్రష్షుతో రాసి, ఆ తర్వాతే నీళ్లలో పెట్టండి. తెల్లబోర్డు మార్కరు మరకైతే కింద పాత గుడ్డ పెట్టి, దూదిని స్పిరిట్‌లో గానీ చేతులకు రాసుకునే శానిటైజరులో గానీ ముంచి మరక వెనక వైపు నుంచి అద్దండి. రుద్దితే పాకుతుంది. కింది గుడ్డ జరుపుతూ ఉండాలి. రంగు పోతుందేమో ముందు లోపలి అంచు దగ్గర చూసుకోండి. ముదురు రంగు చీరలకు బియ్యం గంజి పెడితే తెల్లటి చారలు కనబడతాయి కాబట్టి సగ్గుబియ్యం గంజి మంచిది. రెండు చెంచాల సగ్గుబియ్యం పెద్ద గిన్నెడు నీళ్లలో పారదర్శకంగా అయ్యేదాకా ఉడికించి, పల్చటి గుడ్డలో వడకట్టి, చల్లారాక బకెట్టు నీళ్లలో కలిపి చీర ముంచండి. నీడలో తిరగేసి ఆరేసి, కొద్దిగా తడి ఉండగానే ఇస్త్రీ చేయండి. పూర్తిగా ఎండిపోతే నీళ్లు చిలకరించి పావుగంట చుట్టిపెట్టాలి.